అరుగు దాకానే ఆట

మా రోజుల్లో చిరునామా దాచుకునేవాడంటే అప్పులు ఎగ్గొట్టినవాడో, ఇంట్లో చెప్పకుండా మద్రాసు రైలెక్కినవాడో అయ్యుండేవాడు. మిగతా ఊరంతా పేరు, ఇంటిపేరు, వీధి, ఎదురుగా ఉన్న గుడి గుర్తుతో సహా అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేది. నేను పనిచేసిన టెలిఫోన్ శాఖైతే వాటిని అచ్చేసి మరీ పంచేది. ప్రకాశం జిల్లా డైరెక్టరీలో వేటపాలెం తీస్తే నూలు కొట్లు, జీడిపప్పు వ్యాపారులు, చేనేత సంఘాలు, డాక్టర్లు అందరూ వరసగా కనపడేవాళ్లు. పేరులో అక్షరం తప్పు పడిందని ఎక్స్ఛేంజీకొచ్చి పోట్లాడినవాళ్లను చాలామందిని చూశాను. నా పేరెందుకు వేశారని అడిగిన మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కణ్ణి చూళ్లేదు.

వారపత్రికల్లో కలం స్నేహం శీర్షికలుండేవి. పేరు, వయసు, హాబీలు, కింద పూర్తి చిరునామా. పదహారేళ్ల పిల్లాడు కూడా తన ఇంటి నంబరు రాష్ట్రమంతటికీ చెప్పేవాడు, ఆ చిరునామాకి ఉత్తరాలొస్తే ఇంటిల్లిపాదీ చదివేవాళ్లు. రేడియోలో కోరిన పాటల కార్యక్రమానికి కార్డు రాస్తే మన పేరూ ఊరి పేరూ చదివేవాళ్లు. "వేటపాలెం నుంచి" అని వినపడగానే మగ్గం గుంటలో ఉన్నవాళ్లు నాడె ఆపి మరీ ఎవరి పేరు చదువుతారా అని చెవులు రిక్కించేవాళ్లు. మా ఊరి చిరునామాలో జిల్లా పేరే నా కళ్లముందు మారుతూ వచ్చింది. చిన్నప్పుడు గుంటూరు జిల్లా అని రాశాం, 1970 తర్వాత ఒంగోలు జిల్లా, అదే పేరు మారి ప్రకాశం, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల. పైన జిల్లా ఏదైనా ఉత్తరం మాత్రం ఇంటికి చేరేది, ఎందుకంటే పోస్ట్‌మాన్‌కి అందరూ తెలుసు.

అప్పుడు మాకు భయం లేకపోవడానికి కారణం మా మంచితనం కాదు. ఉత్తరం రాసినవాడికీ ఒక చిరునామా ఉండేది. కవరు మీద ఏ ఊరి తపాలా ముద్ర పడిందో కనపడేది. మనింటికి ఎవడైనా రావాలంటే వేటపాలెం స్టేషన్లో దిగాలి, టీ కొట్టు దగ్గర దారి అడగాలి, రిక్షా ఎక్కాలి. వాడు మన గడప తొక్కేసరికి వాడెవరో, ఎవరి తాలూకో, ఏ పనిమీద వచ్చాడో వీధి మొత్తానికీ తెలిసిపోయేది. మనం వాడికి తెలిస్తే వాడూ మనకు తెలిసేవాడు. ఇప్పుడా రెండోది పోయింది. నా సణుగుడంతా దాని గురించే.

మా మనవడు చీరాలలో ఇంటర్ చదువుతున్నాడు. హాల్లో దివాన్ కాట్ కింద పాత కంప్యూటరొకటి పెట్టి, దాన్ని రాత్రింబగళ్లు ఆన్‌లో ఉంచి, మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుపుతున్నాడు. వీడి స్నేహితులు, డాలస్‌లో ఉన్న మా అన్నగారి మనవరాలు, వాళ్ల స్నేహితులు అందరూ అందులోకొచ్చి ఇళ్లు కట్టుకుంటారు, గనులు తవ్వుకుంటారు. సర్వర్ సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. కరెంటు బిల్లు పెరిగిందని వాళ్లమ్మ గోల. నేను మాత్రం వీణ్ణి వెనకేసుకొచ్చాను, ఇప్పటికీ వస్తాను. కంపెనీవాడు పెట్టిన ఆటస్థలంలో డబ్బు కట్టి ఆడుకోవడం కంటే పిల్లాడు తన ఇంట్లో తన సొంత ఆట పెట్టి పదిమందిని పిలవడం ఎంతో మేలు. వాడే సర్వర్ ఎక్కించుకోవాలి, వాడే బ్యాకప్ తీసుకోవాలి, తగువొస్తే వాడే తీర్చాలి. పైగా ఇది బయటివాళ్లకు తలుపు తీసిన ఊరు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం కోసం, అందులోని పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో దారి అడుక్కుంటూ వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. ఆ భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఈనాటికీ అక్కడే ఉంది. మనింటికి పదిమంది రావడం తప్పని నేనెన్నడూ అనను.

ఎంతవరకు రానివ్వాలన్నదే నా బాధ. మా పాత ఇళ్లకు అరుగులుండేవి. నాపరాతి మీద పులిజూదం గీతలు చెక్కి ఉండేవి, మూల వామనగుంటల పీట ఉండేది. మధ్యాహ్నం పని ఆగినప్పుడు వీధిలో ఎవరైనా వచ్చి కూచునేవారు, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కూడా. చెంబుతో మంచినీళ్లు వచ్చేవి. ఆట ఆ ఇంటిదే, అరుగూ ఆ ఇంటిదే. కానీ ఆడేవాళ్లెవరూ గడప దాటేవాళ్లు కాదు. లోపల మగ్గం ఉంది, ఆడవాళ్లు కండెలు చుడుతుంటారు, బీరువా ఉంది, ఇంటివాళ్లు నిద్రపోయే చోటుంది. అవేవీ ఆటగాడికి అక్కర్లేదు. ఇప్పుడు కట్టే ఇళ్లకు అరుగు లేదు. గోడ రోడ్డు మీదకొచ్చింది, ఆట హాల్లోకొచ్చింది.

ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో కూడా ఈ తిప్పలు లేవు. 2005లో మా శాఖ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చాక చీరాల సెంటర్లలో కుర్రాళ్లు కౌంటర్ స్ట్రైక్ ఆడటానికి గంటకింతని కట్టేవాళ్లు. 192.168తో మొదలయ్యే నంబరు కొడితే ఆటలోకి వెళ్లేవాళ్లు. అది ఆ గదిలో పనికొచ్చే నంబరు, గోడ దాటితే దానికి అర్థమే లేదు. మనల్ని కాల్చినవాడు పక్క కుర్చీలోనే ఉండేవాడు. తగువు ముదిరితే సెంటర్ యజమాని ఇద్దర్నీ కాలరు పట్టుకుని బయటికి నెట్టేవాడు, ఇద్దరూ కలిసి సైకిలెక్కి ఇంటికి పోయేవాళ్లు.

మనవడి సర్వర్ మొదట్లో పనిచెయ్యలేదు. రౌటర్‌లో 25565 పోర్ట్ (బయటివాళ్లు లోపలికొచ్చే తలుపు) తెరిచాడు, ఎవరికీ అందలేదు. రౌటర్ పాడైందన్నాడు. రౌటర్ పేజీ తెరవమని చూశాను. బయటి నంబరు స్థానంలో 100.70తో మొదలయ్యేదేదో ఉంది. "ఇది మన నంబరు కాదురా, కంపెనీవాడు లోపలి వాడకానికి ఇచ్చింది" అన్నాను. నమ్మలేదు.

లెక్క చెబితే నమ్మాడు. పాత పద్ధతి ఐపీ నంబర్లు (ఐపీవీ4) మొత్తం కలిపి సుమారు 429 కోట్లు. ప్రపంచంలో మనుషులే అంతకన్నా ఎక్కువ. కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది, ఆ ఏప్రిల్‌కి మన ఆసియా-పసిఫిక్ వాటాలోనూ చివరి దిమ్మ మాత్రమే మిగిలింది. అందుకని కంపెనీలు చాలా ఇళ్లను కలిపి బయటికి ఒకే నంబరు చూపిస్తాయి. లోపలి వాడకానికి 100.64 నుంచి 100.127 దాకా నంబర్లను 2012లో విడిగా కేటాయించారు. మన రౌటర్లో ఆ వరస కనపడితే మనం ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాడి పిలుపు మన దాకా రాదు. మా తరంలో ఇచ్చిన బ్రాడ్‌బ్యాండ్ మోడెంకి తన సొంత నంబరుండేది. ఇప్పుడు వేగం వందరెట్లు పెరిగింది గానీ, చాలా ఇళ్లకు తమ సొంత పాత పద్ధతి నంబరంటూ లేదు. ఇంటినుంచి ఏదైనా నడుపుదామనుకునే పిల్లాడికి ఇది అన్యాయం. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

వాడు వెంటనే స్టాటిక్ ఐపీ కొందామన్నాడు. నెలకు ఇంతని అదనంగా కడితే మారని నంబరు ఇస్తారట. నేను వద్దన్నాను. తాత పాతకాలం మనిషి, కొత్తవంటే పడదు అనుకున్నట్టున్నాడు. కారణం వేరు.

ఆటలోకి రావాలంటే స్నేహితులకి ఆ నంబరివ్వాలి. ఎనిమిది మందికిస్తాడు. అందులో ఒకడు కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెడతాడు, ఇంకొకడు స్క్రీన్‌షాట్ తీసి డిస్కార్డ్‌లో పెడతాడు. ఎవరికీ ఇవ్వకపోయినా వెతికేవాళ్లు ఊరుకోరు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జెడ్‌మ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ చేశారు. ఒక్క కంప్యూటర్‌తో, మంచి లైనుంటే, లోకంలోని పాత పద్ధతి నంబర్లన్నిటి తలుపూ 45 నిమిషాల్లోపు తట్టి రావచ్చని చూపించారు. ఇప్పుడా పని చేసేవాళ్లు కొల్లలు. తెరిచిన పోర్ట్ ఎక్కడుందో వాళ్లు రోజూ రాసుకుంటూనే ఉంటారు. మారని నంబరైతే ఆ రాత ఏళ్ల తరబడి నిజంగానే ఉంటుంది.

నంబరు తెలిస్తే ఇల్లు తెలిసిపోతుందా అని మా కోడలు అడిగింది. ఇంటి నంబరు తెలియదు. ఏ కంపెనీ లైను, ఏ ప్రాంతం అన్నంత వరకే తెలుస్తుంది. ఊరు చెప్పేటప్పుడు కూడా చాలాసార్లు తప్పే చెబుతుంది, వేటపాలెం లైనుకి హైదరాబాదో విజయవాడో చూపిస్తుంది. ఏ నంబరు ఏ గంటలో ఏ ఇంటికిచ్చారో కంపెనీ దగ్గరుంటుంది, పోలీసులు చట్టప్రకారం అడిగితే ఇస్తుంది. ప్రమాదం ముక్కలు కలిపితే వస్తుంది. నంబరు సుమారుగా ప్రాంతం చెబుతుంది. సర్వర్ పేరులో వీడు ఊరి పేరు పెట్టాడు. ఆటలో పెట్టుకున్న పేరే ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఉంది, అక్కడ కాలేజీ యూనిఫాం ఫొటో ఉంది, వెనక మా వీధి వాటర్ ట్యాంకు ఉంది. ఇంకేం కావాలి?

నంబరు ఊరిని తప్పు చూపించడం కూడా మనిషిని ఎంత ఏడిపిస్తుందో అమెరికాలో ఒక కుటుంబానికి తెలుసు. ఐపీ నంబరు ఏ ఊరిదో చెప్పే కంపెనీ ఒకటి, ఊరు తెలియని అమెరికా నంబర్లన్నిటికీ దేశం మధ్యలో ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలం మీద పడింది. 60 కోట్ల నంబర్లు ఆ పొలం ఖాతాలోకి వెళ్లాయి. ఎక్కడ మోసం జరిగినా పోలీసులు, పన్నులవాళ్లు, ఒళ్లు మండిన బాధితులు ఏళ్లపాటు ఆ ఇంటి తలుపే తట్టారు. 2016లో గానీ అసలు సంగతి బయటపడలేదు.

అదే కాన్సాస్‌లో విచిటా అనే ఊళ్లో 2017 డిసెంబరు 28న జరిగింది ఇంకా ఘోరం. ఇద్దరు కుర్రాళ్లు కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలో డాలరున్నర పందెం మీద తగువు పడ్డారు. చేతనైతే రా అని ఒకడు తను ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి చిరునామా ఇచ్చాడు. రెండోవాడు ఇలాంటి పనులు చేసే ఇంకొకణ్ణి పురమాయించాడు. వాడు లాస్ ఏంజెలెస్ నుంచి విచిటా పోలీసులకు ఫోన్ చేసి ఆ ఇంట్లో హత్య జరిగిందని, మనుషుల్ని బందీలుగా పెట్టానని అబద్ధం చెప్పాడు. పోలీసులు చుట్టుముట్టారు. బయట ఏమిటీ సందడని తలుపు తీసిన 28 ఏళ్ల మనిషిని కాల్చేశారు. అతనికి ఆ ఆటతో, ఆ తగువుతో ఏ సంబంధమూ లేదు. ఫోన్ చేసినవాడికి 2019లో 20 ఏళ్ల జైలు పడింది. చనిపోయిన మనిషి చేసిందల్లా ఇంకొకడి పాత ఇంట్లో ఉండటం. మా రోజుల్లో ఆటలో తగువొస్తే చొక్కా చిరిగేది. డాలరున్నరకి ప్రాణం పోలేదు.

మన పోలీసులు అట్టా తుపాకులు పట్టుకుని రారులే అంటారు. రారనుకుందాం. లైను మీద దాడి రావచ్చుగా. 2016లో ముగ్గురు అమెరికా కుర్రాళ్లు మిరాయ్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. అది ఇళ్లలోని సీసీ కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరి, అన్నిటిచేతా ఒకే నంబరు మీదకి చెత్త పంపించేది. వాళ్ల మొదటి గురి బ్యాంకులు కాదు, మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు. ఎదుటివాడి సర్వర్ పడగొడితే ఆడేవాళ్లు ఇవతలికి వస్తారని. అందులో ఇద్దరు ఇట్టాంటి దాడుల నుంచి సర్వర్లకు రక్షణ అమ్మే వ్యాపారం కూడా పెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్‌ని బయట పడేశాక అక్టోబరు 21న వేరేవాళ్లు దాంతోనే డైన్ అనే కంపెనీని కొట్టారు, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలకొద్దీ అందలేదు. పిల్లల ఆట తగువులోంచి పుట్టిన యంత్రం అది. అట్టాంటి దాడిలో చిన్న ముక్క మా వీధి మీద పడినా చాలు, మా ఇల్లొక్కటే కాదు, ఆపరేటర్ లింకు మీద ఉన్న ఇళ్లన్నీ ఆగుతాయి. జీడిపప్పు ఆర్డర్లు, చీరల ఫొటోలు పంపుకునే షావుకార్ల ఫోన్లు, పిల్లల క్లాసులు అన్నీ.

కాబట్టి అరుగు కట్టమన్నాను. హైదరాబాదులోనో ముంబైలోనో ఒక చిన్న వీపీఎస్, అంటే ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్ వాటా, నెలకి కొన్ని వందల రూపాయలకు అద్దెకు దొరుకుతుంది. దానికి సొంత నంబరుంటుంది. ఇంటి కంప్యూటర్ నుంచి దానికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో టన్నెల్ వేస్తే, ఆటగాళ్లంతా ఆ వీపీఎస్ దగ్గరికే వస్తారు, వాళ్ల మాటల్ని అది టన్నెల్లోంచి ఇంటికి చేరవేస్తుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పిలుపు ఇంటినుంచే బయటికి వెళుతుంది. రౌటర్‌లో ఏ తలుపూ తెరవక్కర్లేదు, కంపెనీవాడు సొంత నంబరివ్వకపోయినా పర్వాలేదు. దారి మూసుకుపోకుండా ఇంటి కంప్యూటర్ ప్రతి 25 సెకన్లకూ ఒక చిన్న పలకరింపు పంపిస్తూ ఉంటే చాలు, ఆ అంకె సెట్టింగుల్లో మనమే రాయాలి. దాడొస్తే వీపీఎస్ మీద పడుతుంది. అది పడిపోతే పారేసి ఇంకొకటి తీసుకోవచ్చు, ప్రపంచం పోదు. పిల్లలు కట్టుకున్న ఆ లోకమంతా దివాన్ కాట్ కింద భద్రంగా ఉంటుంది.

ఆలస్యమవుతుందని మనవడి భయం. ఫైబర్లో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వేటపాలెం నుంచి హైదరాబాదు గీత గీస్తే సుమారు 260 కిలోమీటర్లు, పోయి రావడానికి మూడు మిల్లీసెకన్లు చాలదా? తీగ తిన్నగా పోదు, మధ్యలో స్విచ్చులుంటాయి, అవన్నీ కలిపినా ఆటకి అడ్డం కాదు. డాలస్ పిల్లకి మాత్రం తప్పదు. 14,000 కిలోమీటర్లకు పైగా దూరం, రానూపోనూ 140 మిల్లీసెకన్లకు పైగా వెలుతురే తింటుంది, దాన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. ఆ అమ్మాయి కత్తియుద్ధాలు మానేసి ఇళ్లు కట్టే పనిలో పడింది.

డబ్బు పెట్టలేని పిల్లలకి ప్లేఇట్ లాంటి టన్నెల్ సేవలు ఉచితంగా ఉన్నాయి. బాగా తెలిసిన నలుగురే ఆడుకునేటట్టయితే టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్‌తో తమ మధ్యే లైను వేసుకుంటే బయటి లోకానికి సర్వరుందనే తెలియదు. నన్నడిగితే అదే అన్నిటికన్నా మేలు. వైట్‌లిస్ట్ మాత్రం ఏ పద్ధతిలోనైనా పెట్టుకోవాలి, పేరు రాసుకున్నవాళ్లే లోపలికి రావాలి. ముందెప్పుడైనా ఒక డొమైన్ పేరుని ఇంటి నంబరుకి తగిలించి ఉంటే, తర్వాత మార్చినా లాభం లేదు. పాత జతలు రాసిపెట్టి అమ్మేవాళ్లున్నారు. కొత్త అరుగుకి కొత్త పేరు తీసుకోవాలి.

ఇదంతా మన ఇంటి సంగతి. నన్ను కదిలించింది వేరే. ఒక రాత్రి వాడి వెనక నిలబడి సర్వర్ తెర చూశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పైకి జరుగుతున్నాయి. ఒక ఆటగాడు లోపలికొచ్చాడు. వాడి పేరు, పక్కనే గీత, ఆ గీత తర్వాత వాడి ఐపీ నంబరు, పోర్ట్ నంబరు, ఆటలో ఎక్కడ నిలబడ్డాడో ఆ కొలతలు. ఇంకొకరొచ్చారు, వాళ్లదీ పడింది. పిల్లలందరి నంబర్లూ మా కంప్యూటర్లో లాగ్ ఫైళ్లలో రోజువారీగా పోగుపడుతున్నాయి. మేం మా నంబరు దాచుకున్నాం సరే, వాళ్లది మా చేతిలో ఉంది. వాళ్లలో పదమూడేళ్ల పిల్లలున్నారు.

"ఆ తెర ఫొటో తీసి ఎవరికైనా పంపావా?" అన్నాను.

"లేదు తాతయ్యా. ఎర్రర్ వస్తే అడగటానికి పంపుతారు అందరూ."

"అందరి సంగతి నాకెందుకురా. మనింటికొచ్చిన పిల్లల నంబర్లు మనం రోడ్డు మీద పెడతామా?"

లాగ్‌లో నంబర్లు పడకుండా ఆపే సెట్టింగు ఉందని వాడే వెతికి పట్టుకున్నాడు, పాత ఫైళ్లు తీసేశాడు. టెలిఫోన్ శాఖలో మాకు ఎవరు ఎవరికి ఫోన్ చేశారో తెలిసేది. లైను పరీక్షించేటప్పుడు మాటలు చెవిన పడేవి. అవి ఎక్స్ఛేంజీ గోడ దాటితే ఉద్యోగం పోతుందని మొదటిరోజే చెప్పారు, ఉద్యోగం పోయే భయం లేకపోయినా దాటనిచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు పదహారేళ్ల పిల్లాడు ఎక్స్ఛేంజీ నడుపుతున్నాడు, వాడికి ఆ మొదటిరోజు పాఠం చెప్పినవాడు లేడు.

పిల్లల్నే అని ఏం లాభం? పెద్దవాళ్లం మనం చేస్తున్నదేమిటి? సామాను అట్టపెట్టె మీద పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, లోపల ఏముందో కూడా అతికించి ఉంటుంది. దాన్ని అట్టాగే చెత్తకుప్ప మీద పడేస్తాం. జిరాక్స్ కొట్టులో ఆధార్ కాపీ సరిగ్గా రాకపోతే అక్కడే బల్ల మీద వదిలేసి వస్తాం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో చట్టమూ వచ్చింది, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని అందులో రాశారు. చట్టం ఉండాలి, నేను కాదనను. చెత్తకుప్ప దగ్గర పెట్టె మీద కాగితం చింపేది మాత్రం మన చెయ్యే.

ఇంకొక్క మాట కనెక్షన్లు ఇచ్చేవాళ్లకి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్ మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకే ఇంటింటికీ తీగ వస్తుందంటే సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. కరెంటు స్తంభాల మీదుగా మా వీధికి తీగలొచ్చాయి, ఇప్పుడు ఒక్కో స్తంభం మీద రకరకాల కంపెనీలవి ఉన్నాయి. కుర్రాడొస్తాడు, గోడకి మేకు కొడతాడు, రౌటర్ తగిలిస్తాడు, యూట్యూబ్‌లో పాట మోగగానే వెళ్లిపోతాడు. రౌటర్ లోపలి సెట్టింగులకు కంపెనీవాడు పెట్టిన పాస్‌వర్డ్ అట్టాగే ఉంటుంది. మిరాయ్ ప్రపంచమంతా పాకింది ఆ దారినే. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా జతలు దాని దగ్గరున్నాయి, వాటినే వరసగా వేసి చూసేది, అంతకుమించిన తెలివేం లేదు. మా వీధిలో నన్ను పిలిచిన ఇళ్లలో చాలావాటికి రౌటర్ కింద స్టిక్కర్ మీదున్నదే ఇప్పటికీ పాస్‌వర్డు. అది మార్పించడానికి ఐదు నిమిషాలు చాలు. మా రోజుల్లో కొత్త ఫోను పెడితే డయల్ చేయించి, అవతల మోగిందో లేదో చూసి, చెడితే ఎక్కడ చెప్పాలో ఇంటి ఆడవాళ్లకు కూడా చెప్పి, సంతకం పెట్టించుకుని గానీ నిచ్చెన తీసేవాళ్లం కాదు.